గతుకుల కాంక్రీటు నేలపై క్రొత్త బండలు
(ప్రసంగ పాఠము)



పంట డబ్బు చేతికి వచ్చిన పిమ్మట ఇల్లు బాగుచేయించు ఆలోచన కలుగుట సహజము. మీలో కొందరు ఉయ్యూరు, పామర్రు వైపుల నుండి బందరు రోడ్డున విజయవాడకు పోయి, బెంజ్ సర్కిల్ వద్ద బస్సు దిగి, టైల్సు బేరమాడి వచ్చెదరు. నా మనవి ఒక్కటే. బేరమునకు ముందు మీ ఇంటి పాత నేలను పరీక్షింపుడు. అది ఎందుకు గతుకులు పడినదో తెలియక పైన ఎంత ఖరీదైన టైలు పరచినను, అదియు పగులును.

కారణము మన మట్టిలోనే కలదు. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చును; వానకు నీరు త్రాగి ఉబ్బును. ఇంటి క్రింద ఉన్నదియు ఆ మట్టియే. ఇసుక పోయక, దిమ్మిస కొట్టక కాంక్రీటు వేసినచో నేల ఒకచోట క్రుంగును, మరొకచోట లేచును. కాలువలకు నీరు వదలిన దినములలో చెమ్మయు పైకి ప్రాకును.

కనుక మూడు పరీక్షలు చేయుడు.

1. నేలనంతటిని చిన్న సుత్తితో తట్టుడు. డొల్ల శబ్దము వచ్చినచోట పైపొర విడిపోయినదని గాని, క్రింద మట్టి జారినదని గాని గ్రహింపవలెను.

2. గజము పొడవు, గజము వెడల్పు గల ప్లాస్టిక్ కాగితమును నేలపై పరచి, అంచులు టేపుతో అంటించి, ఒక పగలు ఒక రాత్రి ఉంచుడు. అడుగున నీటి బొట్లు కనిపించినచో చెమ్మ ఉన్నదన్నమాట.

3. పగుళ్లకు అడ్డముగా పెన్సిలుతో గీత గీసి, పగులు ఎంత వెడల్పున్నదో, తేదీతో సహా వ్రాసి ఉంచుడు. వేసవిలోను, వానల తరువాతను చూచి పోల్చుడు. పగులు పెరుగుచున్నచో నేల ఇంకను కదలుచున్నది.

డొల్లయైన భాగమును, కదలుచున్న భాగమును త్రవ్వించి, ఇసుక నింపి, దిమ్మిసతో గట్టిపరచి తిరిగి కాంక్రీటు వేయించుడు. చెమ్మ ఉన్నచో చూరునీరు పునాది వద్ద నిలుచుచున్నదేమో, స్నానాలగది గొట్టము కారుచున్నదేమో చూచి ముందు దానిని అరికట్టుడు.

తరువాత మట్టము. నాట్లకు ముందు దమ్ముచేసిన మడిని చదును చేయుట మీకు నేర్పనక్కరలేదు. ఇదియు అట్టిదే. మేస్త్రీ చేత గోడల చుట్టును నీటిగొట్టముతో ఒకే మట్టమున గుర్తులు పెట్టించి, దారము లాగి, దారము నుండి నేలకు ఎంత ఉన్నదో కొలువుడు. మెరక, పల్లము తేలిపోవును. పాత నేలపై ఉలితో గాట్లు పెట్టించి, దుమ్ము, జిడ్డు కడిగి, ముందురోజే తడిపి, సిమెంటు పాలు పూసి, ఆపైన సిమెంటు ఇసుక వేయవలెను. రెండంగుళములకు మించిన పల్లములను ముందుగా సన్న చిప్సు కాంక్రీటుతో పూడ్చుడు. కనీసము 7 దినములు తడి ఆరనీయరాదు.

ఏది పరచవలెను? పలుచని ప్లాస్టిక్ షీటు క్రింది గతుకులన్నిటిని పైకి చూపును, చెమ్మకు లేచిపోవును. జిగురుతో అంటించు టైలుకు నేల ముందే చదునుగా ఉండవలెను. ఆ జిగురు గుంటలు పూడ్చుటకు కాదు. బేతంచర్ల, తాండూరు బండలనైతే మందముగా సిమెంటు ఇసుక పోసి పరచెదరు గనుక కొద్దిపాటి ఎగుడుదిగుడు అందులోనే సర్దుకొనును. అయితే అవి సున్నపురాయి. చింతపండు రసము, నిమ్మరసము పడినచో మచ్చపడును, ఆసిడ్‌తో కడుగరాదు. వృద్ధులున్న ఇంట మరీ నున్నని టైలు వలదు, తడికాలు జారును.

మరి రెండు హెచ్చరికలు. రెండంగుళముల సిమెంటు పొర చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు తూగును. మేడమీద గదిలో ఇంజనీరును అడుగక అంత మందము వేయరాదు. రెండవది, నేల పెరిగినకొలది గడప మునుగును, తలుపు తగులును. ఆ లెక్క ముందే చూచుకొనుడు.

క్రొత్త నేల వేసితిమి గదా అని విత్తనపు బస్తాలను నేరుగా దానిపై పెట్టకుడు. చెక్క బల్లలపై, గోడకు జానెడు దూరమున పేర్చుడు. చెమ్మ తగిలిన విత్తనము మొలకశక్తి కోల్పోవును.

ముందు కారణము, పిదప మట్టము, ఆ పిమ్మటనే బండ. ఈ వరుస తప్పకున్న మీ డబ్బు నేలపాలు కాదు.