రోజా - ఆకలి నేర్పే పాఠం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, బడిలో ఉర్దూ. అయినా ఈ సభలో తెలుగులోనే మాట్లాడవలెనని అనుకొన్నాము. ఎందుకంటే, జహీరాబాదు చుట్టుపట్ల పల్లెల్లో తెలుగు మాత్రమే చదవగలిగిన మన పిల్లలు చాలామంది ఉన్నారు. ఇరుగుపొరుగు వారు ఏటేటా మన రోజాలను చూస్తూనే ఉంటారు. వాటి సంగతి వారి భాషలో చెప్పవలసిన బాధ్యత కూడా మనదే. ఖురాన్‌ను మొట్టమొదట తెలుగులోకి అనువదించినవారు చిలుకూరి నారాయణరావు గారు. ఆ పండితుడు అంత శ్రమ పడగా, మనం కాసేపు తెలుగులో మాట్లాడటం పెద్ద పనేమీ కాదు.

రోజా అనేది ఫారసీ మాట. 'రోజ్' అంటే దినము. తెలుగులో మనం 'రోజు' అంటున్నామే, అదీ అక్కడినుంచి వచ్చినదే. రోజా, రోజు ఒక తల్లి బిడ్డలన్నమాట. అరబ్బీలో దీని పేరు 'సౌమ్'. సౌమ్ అంటే ఆగడం, తన్ను తాను ఆపుకోవడం. మన పల్లెల్లో ఒక్కపొద్దు అంటారు. ఏకాదశికి, శివరాత్రికి, కార్తీక సోమవారాలకు ఉపవాసం ఉండేవారిని, ఈస్టరుకు ముందు నలభై దినాలు నియమం పాటించే క్రైస్తవులను మనం ఎరుగుదుము. ఖురాన్ కూడా, మీకు ముందున్నవారికి విధించినట్లే మీకూ ఉపవాసం విధించబడినదని బఖరా సూరాలో తెలుపుచున్నది. కావున ఇది మనకొక్కరికే వచ్చిన కొత్త ఆచారము కాదు. రమజాను రోజాలు హిజ్రీ 2వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 624లో, మదీనాలో ఫర్జు అయినవి.

ఆచరణ సంగతి చూద్దాము. తెల్లవారుజామున ఫజర్ వేళ మొదలు సూర్యాస్తమయం వరకు అన్నపానీయాలు, దాంపత్య సుఖం మానవలెను. దీనికి నియ్యత్ ముఖ్యం. నియ్యత్ అంటే మనస్సులోని సంకల్పమే. వేకువన తినే సహరీ ప్రవక్త సున్నత్. నిద్ర చెడుతుందని దాన్ని మానడం మంచిది కాదు. అలాగే సూర్యుడు అస్తమించిన తర్వాత ఇఫ్తార్‌ను ఆలస్యం చేయరాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, ఉపాధ్యాయులం గనుక మన్నించండి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. జహీరాబాదు హైదరాబాదుకు పడమరగా డిగ్రీకి కొంచెం తక్కువ దూరంలో ఉన్నది. అందుచేత హైదరాబాదులో సూర్యుడు అస్తమించిన మూడు నిమిషాల పైచిలుకు తర్వాత గాని మన ఊళ్ళో అస్తమించడు. టీవీలోనో, ఫోనులోనో హైదరాబాదు అజాన్ విని ఖర్జూరం నోట్లో వేసుకొంటే, పదమూడు గంటలు ఓర్చుకొన్నవాడు మూడు నిమిషాల దగ్గర తప్పినట్లే గదా! మన మసీదు అజాన్, మన ఊరి టైంటేబుల్ చూసుకోవలెను.

చాంద్రమాన సంవత్సరం 354 లేక 355 దినాలే. కావున రమజాను ఏటా పది పదకొండు దినాలు ముందుకు వచ్చి, సుమారు 33 ఏళ్ళలో అన్ని రుతువులూ చుట్టివస్తుంది. 2016లో జూన్ మొదటి వారంలో, 2018లో మే నడిమధ్యన రోజాలు మొదలైనవి. ఆ ఎండలు మనకు గుర్తే. 2030లో జనవరిలో ఒకటి, డిసెంబరు చివర మొదలయ్యేది ఒకటి, రెండు రమజానులు రానున్నవి. ఎండలో కష్టం, చలిలో సులభం అందరికీ వంతులవారీగా పంచే ఏర్పాటిది. కాకపోతే మన ప్రాంతంలో చలికాలమే చెరకు నరికే కాలం. పొలంలో కత్తి పట్టినవానికి చలికాలపు రోజా కూడా తేలిక కాదు. ఈ మాట తర్వాత మళ్ళీ వస్తుంది.

రోజా ఎవరికి మినహాయింపు అనే విషయంలో మనవాళ్ళలో చాలా అపోహలు గలవు. రోగికి, ప్రయాణికునికి ఖురాన్‌లోనే సడలింపు ఉన్నది, వారు తర్వాత ఖజా చేసుకోవచ్చు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి తనకో బిడ్డకో హాని అని భయముంటే అదే సౌలభ్యం. హనఫీ లెక్కన ప్రయాణమంటే సుమారు 78 కిలోమీటర్లు. హైదరాబాదు పోయేవాడు ప్రయాణికుడే, బీదరు పోయేవాడు కాడు. అయితే ఫజర్ అయిన తర్వాత ఇల్లు వదిలేవాడు ఆ దినపు రోజా విడవరాదు. ఇక బాగా ముసలివారు, కుదిరే ఆశ లేని జబ్బు గలవారు రోజుకొక పేదకు రెండు పూటల భోజనం ఫిద్యాగా ఇస్తే సరి.

చక్కెర జబ్బు ఉన్నవారి సంగతి వేరుగా చెప్పాలి. ఇన్సులిన్ తీసుకొనేవారు కొందరు డాక్టరు వద్దన్నా వినక రోజా ఉండి, అసర్ వేళకు కళ్ళు తిరిగి పడిపోవడం ప్రతి సంవత్సరం చూస్తున్నాము. మీకు సులభమే కోరుచున్నాను, కష్టము కాదు అన్న భావం రోజా ఆయతుల్లోనే ఉన్నది. ఇచ్చిన సడలింపును కాదనడం భక్తి ఎట్లవుతుంది? వేలికొసన సూది గుచ్చి చక్కెర చూసుకొన్నంత మాత్రాన రోజా పోదని ఉలమాలో ఎక్కువమంది చెప్పినారు. రమజానుకు ముందే, షాబాను నెలలోనే, డాక్టరును అడిగి నిర్ణయించుకోవలెను.

విద్యార్థుల మాట. 2024లో, 2025లో పదవ తరగతి పరీక్షలు రమజానులోనే పడినవి. మా పిల్లలు సహరీ తిని, ఫజర్ చదివి, అదే చాపమీద పుస్తకం తెరిచినారు. రాత్రంతా బజారులో తిరిగి పగలంతా నిద్రపోయేవారికి ఈ పిల్లలే జవాబు. రమజాను నిద్ర నెల కాదు. ఖురాన్ దిగిన నెల, పనిచేసే నెల.

ఇక అసలు విషయానికి వద్దాము. కడుపు ఖాళీగా ఉంచడమే రోజా అయితే, తిండి దొరకనివాడు ఏడాది పొడవునా రోజాదారే. అబద్ధమాడటం మాననివాడు అన్నం మానితే అల్లాహ్‌కు దానితో అవసరమేమీ లేదని ప్రవక్త సెలవిచ్చినారు. తక్కెడలో మోసం, కూలివాని కూలి ఎగ్గొట్టడం, నోటి దురుసు ఇవన్నీ అట్లే ఉంచుకొని, సాయంత్రం హలీం ముందు కూర్చుంటే ఏం లాభం? హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినది, సంతోషమే. కాని మన రమజానుకు గుర్తింపు హలీంతో వస్తే అది సంతోషించవలసిన మాట కాదు. పగలు మిగిలిన అన్నం ఖర్చును రాత్రి నాలుగింతలు చేస్తే ఆకలి మనకేమీ నేర్పలేదన్నమాట.

ఆకలి నేర్పిన పాఠానికి పరీక్ష ఫిత్రా. రోజాలో దొర్లిన వృథా మాటలను శుభ్రపరచుటకు, పేదకు పండుగనాడు అన్నం పెట్టుటకు ఇది విధించబడినది. ఈద్ నమాజుకు ముందే ఇవ్వవలెను. తర్వాత ఇస్తే అది మామూలు దానం కింద లెక్క అని హదీసులో ఉన్నది. గోధుమలైతే మనిషికి సుమారు పావు తక్కువ రెండు కిలోలు. ఖర్జూరం, ఎండుద్రాక్ష, యవలు అయితే దానికి రెట్టింపు, మూడున్నర కిలోలు. ఆ వెల ఇచ్చినా చెల్లుతుంది.

మన ఊళ్ళో ఏం జరుగుతున్నది? ఫిత్రా ఇచ్చేవారు ఇస్తున్నారు. కాని ఎప్పుడు? ఈద్గా దారిలో, పండుగ ఉదయం! ఆ నోటు తీసుకొన్న వితంతువు అప్పుడు ఏ దుకాణానికి పోవాలి? ఇరవయ్యో రోజా దాటితే దర్జీ కొత్త బట్ట పట్టడు. పండుగ ముందురాత్రి చెరకు పొలం నుంచి వచ్చినవాడు పిల్లలకు సేమ్యా, చక్కెర కోసం చేబదులుకు తిరుగుతాడు. మనం ఇచ్చింది చెల్లింది గాని, అతని పండుగ గడవలేదు. రమజానులో ముందుగానే ఫిత్రా ఇచ్చుటకు హనఫీ ఫిఖ్‌లో అనుమతి ఉండగా చివరి గంట దాకా ఆగడమెందుకు?

అందుచేత మేము సంఘం ముందు నాలుగు మాటలు పెడుతున్నాము. ఒకటి, షాబానులోనే మొహల్లాల వారీగా పేద ఇళ్ళ జాబితా తయారుచేయాలి, అది పెద్దల దగ్గరే ఉండాలి. రెండు, పదిహేనవ రోజాకల్లా ఫిత్రా వసూలు ముగించి, ఇరవయ్యో రోజా లోపల రాత్రిపూట వారి ఇంటికే చేర్చాలి. మూడు, ఇచ్చేటప్పుడు ఫోటో తీయరాదు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదన్నది మన ధర్మం, ఫోనుకు ఎట్లా తెలియవచ్చును? నాలుగు, కలిగినవారు గోధుమల లెక్కన కాక ఖర్జూరం లెక్కన ఇవ్వాలి. బండి లాగేవాడూ, రెండంతస్తుల మేడవాడూ ఒకే గోధుమ లెక్క కట్టడం చట్టానికి సరిపోవచ్చు, మనస్సుకు సరిపోదు. జకాత్ నలభయ్యో వంతు కూడా అప్పుడే లెక్క చూసి ఇస్తే ఎన్నో ఇళ్ళు నిలబడతాయి.

ఇంకొక మాట. పొరుగువాడు పస్తుండగా కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్నారు ప్రవక్త. ఆ పొరుగువానిది ఏ మతమో ఆ మాటలో లేదు. కావున సదఖా చేసేటప్పుడు గోడకు అవతల ఎవరున్నారో చూడండి.

మా మాటల్లో మంచి ఉంటే స్వీకరించండి. వచ్చే రమజానులో ఈ నాలుగు మాటల్లో కనీసం రెండైనా నిలబెట్టుకొని, వచ్చే వార్షిక సభలో వాటి లెక్క చెప్పుకొందాము. అల్లాహ్ మన రోజాలను, మన ఇచ్చిపుచ్చుకోవడాన్ని స్వీకరించుగాక. ఆమీన్.