పేరు ఒక ఊరిది, ఆట వేరొక ఊరిలో
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను సవరణ గురించి, వైద్య ఖర్చుల గురించి చెప్పవలసినదంతా నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నన్ను కాస్త తేలికైన విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. ఆటల గురించి చెబుతానని ఒప్పుకున్నాను. అయితే నేను ఎంచుకున్నది క్రికెట్టు కాదు, కబడ్డీ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్. అందులోనూ ఒక చిన్న లీగులో, బదిలీ మీద కొత్త ఊరికి వెళ్ళిన జట్టు అక్కడ ఆడిన ఒకే ఒక్క సీజను కథ. బదిలీ అనే మాట వినగానే మీలో కొందరు సర్దుకుని కూర్చోవడం నాకు ఇక్కడి నుండి కనబడుతూనే ఉంది!

మనలో చాలామంది పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వస్తున్నారు. అక్కడ ఆదివారాలు టి.వి. పెడితే శిరస్త్రాణాలు పెట్టుకున్న భారీ మనుషులు ఒకరి మీద ఒకరు పడుతూ ఉంటారు. మనకు తల, తోక తెలియదు. అందుచేత రెండు మాటలలో చెబుతాను. పేరులో ఫుట్ ఉన్నా బంతిని ఎక్కువగా చేతులతోనే పట్టుకుని పరుగెత్తుతారు, లేదా విసురుతారు. ఒక్కొక్క జట్టుకు పదకొండుమంది. మైదానం నూరు గజాలు. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు ఇస్తారు. పోగలిగితే మళ్ళీ నాలుగు, లేకపోతే బంతి ఎదుటివారిది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. నేను చెప్పబోయే కథకు ఈమాత్రం పరిజ్ఞానం చాలు.

ఈ ఆటకు అక్కడ పెద్ద సంస్థ ఎన్.ఎఫ్.ఎల్. వారి ఆటలు శరదృతువులో మొదలై చలికాలం దాకా సాగుతాయి. 1983లో యు.ఎస్.ఎఫ్.ఎల్. అనే మరొక లీగు రంగంలోకి వచ్చింది. పెద్దవారితో తగవు పెట్టుకోకుండా, వారు ఆడని కాలంలో, అంటే వసంతం నుండి వేసవి వరకు ఆడుకుందామన్నది వారి ఆలోచన. మొదటి సంవత్సరం పన్నెండు జట్లు ఆడాయి. వాటిలో ఒకటి ఫిలడెల్ఫియా స్టార్స్. శిక్షకుడు జిమ్ మోరా. 1983లో పద్దెనిమిది ఆటలలో పదిహేను గెలిచి, ఫైనల్లో మిషిగన్ జట్టు చేతిలో రెండే రెండు పాయింట్ల తేడాతో ఓడింది. 1984లో పద్దెనిమిదింటికి పదహారు గెలిచి, ఫైనల్లో ఆరిజోనా జట్టును 23-3తో ఓడించి విజేత అయింది. ఆ సంవత్సరం సొంత ఊరిలో ఆటకు సగటున సుమారు 28 వేల మంది ప్రేక్షకులు వచ్చేవారు. చిన్న లీగులో అది తక్కువ ఆదరణ కాదు.

ఇంత బాగా నడుస్తున్న జట్టును బదిలీ చేయవలసిన అవసరం ఏమొచ్చింది? ఇటువంటి ప్రశ్న మనమూ సర్వీసులో ఎన్నోసార్లు వేసుకున్నాము. జవాబు పైనుండి వచ్చిన ఒక నిర్ణయంలో ఉంది. 1984 ఆగస్టులో లీగు యజమానులు సమావేశమై, 1986 నుండి మన ఆటలు కూడా శరదృతువులోనే జరపాలి, పెద్ద లీగుతో ముఖాముఖి పోటీ పడాలి అని తీర్మానించారు. అందుకు గట్టిగా పట్టుబట్టినవారిలో ముఖ్యుడు న్యూజెర్సీ జట్టు యజమాని డొనాల్డ్ ట్రంప్. తరువాత కాలంలో ఆయన అమెరికా అధ్యక్షుడైన సంగతి మీకు తెలుసు. ఈ తీర్మానం వల్ల ఫిలడెల్ఫియా జట్టుకు చిక్కు వచ్చిపడింది. ఆ ఊళ్ళో పెద్ద లీగు జట్టు ఈగిల్స్ ఉంది. రెండు జట్లూ ఆడేది ఒకే స్టేడియంలో. అదే కాలంలో అదే స్టేడియంలో చిన్న లీగు జట్టుకు చోటెక్కడిది? ఫుట్‌బాల్ జట్టు లేని ఊరు వెతుక్కోవలసి వచ్చింది. అలాంటి ఊరు దగ్గరలోనే దొరికింది. అది మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్.

బాల్టిమోర్ వారికి అప్పటికి ఒక పచ్చి గాయం ఉంది. 1953 నుండి ఆ ఊరి కంటిపాపగా ఉన్న కోల్ట్స్ జట్టును, దాని యజమాని 1984 మార్చి 28 రాత్రికి రాత్రే సామాను లారీలకు ఎక్కించి ఇండియానాపోలిస్‌కు తరలించుకుపోయాడు. మన దగ్గర ప్రభుత్వం భూములు సేకరించినట్లుగా, జట్టునే ప్రజాప్రయోజనం కోసం స్వాధీనం చేసుకునే బిల్లు ఆ సమయంలో రాష్ట్ర శాసనసభలో నడుస్తోంది. అది చట్టమయ్యే లోపలే లారీలు కదిలిపోయాయి. తెల్లవారి లేచేసరికి ఊరికి జట్టు లేదు. కోల్ట్స్ బ్యాండు మేళం వారు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయారు. జట్టు లేకపోయినా ఏళ్ళ తరబడి యూనిఫారాలు వేసుకుని వాయిస్తూనే వచ్చారు.

అటువంటి ఊరి పేరు తగిలించుకుని 1985 ఫిబ్రవరి చివరలో స్టార్స్ సీజను మొదలుపెట్టింది. ఇక్కడే అసలు విచిత్రం. బాల్టిమోర్‌లోని మెమోరియల్ స్టేడియం వసంతకాలంలో ఖాళీ లేదు. అక్కడ ఓరియోల్స్ అనే బేస్‌బాల్ జట్టు అప్పట్లో ఆడేది. శరదృతువులో ఆడే రోజు వస్తే అప్పుడు చూసుకోవచ్చు, ఈ ఒక్క సంవత్సరం ఎక్కడో ఒకచోట గడుపుదాం అనుకున్నారు. సుమారు 30 మైళ్ళ దూరంలో, వాషింగ్టన్ నగరం పక్కనే ఉన్న కాలేజ్ పార్క్‌లో, మేరీలాండ్ విశ్వవిద్యాలయం వారి బర్డ్ స్టేడియంలో ఆటలు పెట్టారు. ఆటగాళ్ళ కాపురాలు, రోజువారీ సాధన మాత్రం ఫిలడెల్ఫియాలోనే. అక్కడి నుండి నూరు మైళ్ళకు పైగా ప్రయాణం చేసి వచ్చి, ఆడి, తిరిగి వెళ్ళిపోయేవారు.

మన భాషలో చెప్పాలంటే హెడ్‌క్వార్టర్స్ బాల్టిమోర్, క్యాంపు కాలేజ్ పార్క్, ఫ్యామిలీ ఫిలడెల్ఫియా! ఆ ఊరి పేరు చొక్కా మీద వేసుకున్న జట్టు ఆ ఊళ్ళో ఒక్క ఆట కూడా ఆడలేదు.

ఫలితం ఎలా ఉంటుందో మీరు ఊహించగలరు. బాల్టిమోర్ వారికి అది ఇంకా తమ జట్టు కాలేదు. కాలేజ్ పార్క్ వారికి అది అద్దెకు దిగిన జట్టు. ఫిలడెల్ఫియా వారికి అది తమను విడిచిపోయిన జట్టు. ప్రేక్షకుల సంఖ్య సగటున 14 వేలకు, అంటే అంతకుముందున్న దానిలో సగానికి పడిపోయింది. 45 వేల మంది పట్టే స్టేడియంలో 14 వేల మంది కూర్చుంటే ఎంత వెలితిగా ఉంటుందో ఆలోచించండి. ఆట కూడా తగ్గింది. కిందటి ఏడు పదహారు గెలిచినవారు ఈ ఏడు పది గెలిచి, ఏడు ఓడి, ఒకటి సమం చేసుకున్నారు. తరువాతి దశకు మాత్రం ఎలాగో అర్హత దక్కింది.

అక్కడి నుండి కథ మలుపు తిరిగింది. ఆ పోటీలలో వారు ఎదుర్కొన్న మూడు జట్లకూ సీజను లెక్కలలో వీరికంటే మంచి స్థానమే ఉంది. ఆడినవన్నీ పరాయి మైదానాలే. మొదట న్యూజెర్సీ. ఆ సీజనులో 2,411 గజాలు పరుగెత్తిన హెర్షెల్ వాకర్ ఆ జట్టువాడే. వారిని 20-17తో గెలిచారు. తరువాత బర్మింగ్‌హామ్‌ను 28-14తో గెలిచారు. 1985 జూలై 14న న్యూజెర్సీలోని జెయింట్స్ స్టేడియంలో, సుమారు 49 వేల మంది ఎదుట, ఓక్లండ్ జట్టుతో ఫైనల్ జరిగింది. రెండేళ్ళ క్రితం తమను ఓడించిన మిషిగన్ జట్టు అప్పటికి ఓక్లండ్‌లో విలీనమై ఉంది. అంటే పాత బాకీ కూడా ఉందన్నమాట. కెల్విన్ బ్రయంట్ మూడు టచ్‌డౌన్లు చేశాడు. 28-24తో స్టార్స్ గెలిచింది. ఇల్లు లేని జట్టు వరుసగా రెండవసారి విజేత అయింది.

ఇక రాబోయే శరదృతువులో అసలైన బాల్టిమోర్‌లో, మెమోరియల్ స్టేడియంలో ఆడవలసి ఉంది. ఇంత శ్రమపడి వచ్చింది అందుకోసమే. ఆ సీజను రానే లేదు. లీగు వారు పెద్ద లీగు మీద గుత్తాధిపత్యం కేసు వేశారు. 1986 జూలై 29న జ్యూరీ తీర్పు వచ్చింది. తప్పు పెద్ద లీగుదేనన్నారు. నష్టపరిహారం ఒక డాలరు అన్నారు! చట్టం ప్రకారం దానిని మూడింతలు చేస్తే మూడు డాలర్లు. వడ్డీతో కలిపి 1990లో చేతికి వచ్చిన చెక్కు మూడు డాలర్ల డెబ్భైఆరు సెంట్లు. మన డి.ఏ. బకాయిలు ఆలస్యమవుతున్నాయని బాధపడేవారు ఈ చెక్కును ఒకసారి తలచుకుంటే కొంత ఊరట కలుగుతుంది. లీగు మూతపడింది. స్టార్స్ కూడా దానితోనే ముగిసింది.

మరి ఆ మనుషులేమయ్యారు? మనవంటి వారికి ముఖ్యమైన ప్రశ్న అదే. జిమ్ మోరా 1986లో పెద్ద లీగులోని న్యూ ఆర్లియన్స్ జట్టుకు శిక్షకుడయ్యాడు. 1967లో పుట్టిన ఆ జట్టు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఓటములకంటే ఎక్కువ గెలుపులు చూడలేదు. ఆయన వచ్చిన రెండవ ఏడు, 1987లో, చూసింది. ఆయనతో కూడా వెళ్ళినవారిలో సామ్ మిల్స్ ఒకడు. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ఈ ఆటకు పొట్టి అని రెండు జట్లు వద్దన్నాయి. ఉన్నత పాఠశాలలో ఫొటోగ్రఫీ పాఠాలు చెప్పుకుంటూ ఉన్నవాడిని స్టార్స్ చేర్చుకుంది. మూడేళ్ళు ఆ జట్టుకు వెన్నెముకగా నిలిచాడు. పెద్ద లీగులో 1997 దాకా ఆడాడు. 2005లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. 2022లో ఆయన పేరును ఆ ఆటలోని మహామహుల సరసన, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. సగం ఖాళీగా ఉన్న స్టేడియంలో ఆడిన ఆట ఎవరూ చూడలేదనుకోవడానికి లేదు. చూడవలసినవారు చూశారు.

బాల్టిమోర్ వారికి 1996లో పెద్ద లీగు జట్టు మళ్ళీ దక్కింది. అది క్లీవ్‌లాండ్ నుండి తరలి వచ్చింది. ఒకప్పుడు తమకు జరిగినదే ఇప్పుడు మరొక ఊరికి జరిగింది. అయితే ఈసారి జట్టు పేరు, రంగులు, పాత రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉండాలని ఒప్పందం చేసుకున్నారు. మూడేళ్ళకు ఆ ఊరికి అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. జట్టును తరలించవచ్చు గాని ఊరి జ్ఞాపకాలను లారీకి ఎక్కించకూడదని అప్పటికి తెలిసి వచ్చిందన్నమాట. ఏళ్ళ తరబడి జట్టు లేకుండా వాయించిన బ్యాండు వారు బాల్టిమోర్ కొత్త జట్టు బ్యాండు అయ్యారు. అందరూ తెలుసుకున్నారని మాత్రం చెప్పలేము. 2022లో యు.ఎస్.ఎఫ్.ఎల్. అనే పాత పేరుతోనే ఇంకొక లీగు పెట్టి, ఫిలడెల్ఫియా స్టార్స్ పేరును మళ్ళీ లేపారు. ఆ జట్టు ఆ ఏడు లీగు ఆటలన్నీ బర్మింగ్‌హామ్‌లో ఆడింది!

ఈ కథలో నన్ను ఆలోచింపజేసినది ఒకటే. ఆటగాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఒక్క సంవత్సరం పోస్టింగుకు కాపురం కదిలించకపోవడం మనలో ఎంతమంది చేయలేదు? పని మాత్రం వారు ఎగ్గొట్టలేదు. పేరున్న ఊరికీ, మైదానమున్న ఊరికీ, ఇల్లున్న ఊరికీ పొంతన లేని ఏడాదిలోనే విజేతలై నిలిచారు. కాని ఊరి ప్రేమ మాత్రం ఉత్తర్వు మీద రాదు. అది ఆ ఊళ్ళో ఉండి, ఆ వీధులలో తిరిగి, అక్కడివారి కష్టసుఖాలలో కలిస్తేనే వస్తుంది. స్టార్స్‌కు ఆ వ్యవధి దొరకలేదు.

పదవీ విరమణ తరువాత మనకూ బదిలీలున్నాయి. హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో పిల్లల దగ్గరకు చేరుతున్నాము. చిరునామా కొత్త ఊరిది, మనసు పాత ఊరిలో, పగలంతా నాలుగు గోడల మధ్య. ఈ బదిలీకి ఉత్తర్వు వేసేవారు గాని, రద్దు చేసేవారు గాని లేరు. వ్యవధి మన చేతిలోనే ఉంది. ఉన్నచోట గుడికో, పార్కుకో, గ్రంథాలయానికో నడిచి వెళ్ళి నలుగురిని పలకరిద్దాం. అక్కడి పిల్లలు ఆడే ఆట ఏదైనా సరే, గట్టు మీద కూర్చుని కాసేపు చూద్దాం. తమది కాని జట్టును చూడడానికి కాలేజ్ పార్క్‌కు ఆటకు 14 వేల మంది వచ్చారు. సంఖ్య తక్కువే కావచ్చు, కాని ఇంటిలో కూర్చుండిపోనివారు వారే. విజేతల ఆట చూసిన భాగ్యం కూడా వారిదే.