త్యాగరాజస్వామి గురుత్వం

త్యాగరాజస్వామిని మనం భక్తుడిగా కొలుస్తాం, వాగ్గేయకారుడిగా కీర్తిస్తాం. గురువుగా ఆయన చేసిన కృషిని మాత్రం శిష్యుల పేర్లు చదివి ముగిస్తాం. ఆయన పాట ఈనాటికీ పాటగానే నిలిచి ఉండడానికి ఆ కృషే ప్రధాన కారణమని నా ప్రతిపాదన. దానికి మొదటి సాక్ష్యం కడప సీమలోనే ఉంది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలు రచించారని ప్రతీతి. 1503లో ఆయన పరమపదించాక, ఆ వంశంవారు పాటలను రాగిరేకుల కెక్కించి తిరుమల ఆలయంలో దాచారు. ఆ రేకులు 20వ శతాబ్దంలో వెలుగు చూసినప్పుడు సాహిత్యం దక్కింది, రాగాల పేర్లు దక్కాయి. వాటిని నోటితో అందించే గురుశిష్య పరంపర నిలవలేదు కనుక అన్నమయ్య పాడిన వరుసలు దక్కలేదు. రాయలసీమవారే అయిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు మళ్లీ స్వరాలు కూర్చవలసి వచ్చింది.

త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న కంభం ప్రాంతపు కాకర్ల గ్రామమే ఆయన పూర్వీకుల ఊరు. వారు తంజావూరు సీమకు తరలివెళ్లారు. 1767లో తిరువారూరులో పుట్టిన ఆయన శొంఠి వేంకటరమణయ్యగారి దగ్గర విద్య నేర్చి, తిరువయ్యారులో స్థిరపడి, 1847లో అక్కడే సిద్ధి పొందారు. రాజాస్థానాన్ని ఆశ్రయించలేదు, ఉంఛవృత్తితో జీవించారు. ఆయనకంటే మూడేళ్లు చిన్నవాడైన బీతోవెన్ కాలానికి ఐరోపాలో స్వరలిపి అచ్చవుతోంది. 1795లో పారిస్‌లో సంగీత విద్యాలయమే వెలిసింది. తిరువయ్యారులో అచ్చుయంత్రమూ లేదు, రాగిరేకూ లేదు. అయినా దాదాపు 700 కృతులు వరుసలతో సహా మనకు మిగిలాయి. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతారు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారు రాసి ఉంచిన ప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరాయి. స్వామి శిష్యులే అయిన ఉమయాళ్‌పురం సోదరులు, తిల్లస్థానం రామయ్యంగారు తమ తమ పాఠాలను తమ శిష్యులకు అప్పగించారు. మరో శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి నుంచి సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన నుంచి మంగళంపల్లి బాలమురళీకృష్ణ విద్యను అందుకోవడంతో ఆ పాట మళ్లీ తెలుగుసీమకు చేరింది.

ఇది కేవలం మంచి శిష్యులు దొరికిన అదృష్టం కాదు. ఆయన రచనల్లోనే బోధనాక్రమం ఇమిడి ఉంది. దివ్యనామ, ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో ఒకే వరుసకు అనేక చరణాలుంటాయి. పదిమంది కలిసి భజనలో పాడగలిగినంత సులభమైన నడక వాటిది. పెద్ద కృతుల్లో మొదటి సంగతి రాగఛాయను సాదాగా పరిచయం చేస్తుంది, తరవాతి సంగతులు దాన్ని క్రమంగా విస్తరిస్తాయి. ఘనరాగ పంచరత్నాల చరణాలను ముందు స్వరంగా, వెంటనే సాహిత్యంగా పాడతారు. పాడేవాడికి రాగ లక్షణం గొంతుకు పట్టేదాకా అదే సాధన. శ్యామశాస్త్రిగారి కుమారుడు సుబ్బరాయశాస్త్రి త్యాగరాజస్వామి దగ్గర చేరడమూ, వీణ కుప్పయ్యరు ఆయన శిష్యుడై తానే వాగ్గేయకారుడు కావడమూ ఆ శిక్షణ స్థాయిని చెబుతాయి.

అన్నమయ్యకూ త్యాగరాజుకూ మధ్య మూడు శతాబ్దాల దూరం ఉందనీ, పాత వరుసలు పోవడానికి కాలమే కారణమనీ కొందరనవచ్చు. ఈ మాటలో కొంత నిజముంది. కాని 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలను చూడండి. ఎన్నో పోయినా, మిగిలినవాటిలో చాలా పదాలు సంగీతంతోనే మిగిలాయి. వాటిని కాపాడింది దేవదాసీ కుటుంబాల శిక్షణే. అలాంటి కుటుంబానికే చెందిన వీణ ధనమ్మాళ్ దాకా అది తెగలేదు. త్యాగరాజ కృతుల్లో పాఠభేదాలున్నాయి కదా, కొన్ని సంగతులు తరవాతివారు చేర్చినవే కదా అన్నది రెండో ఆక్షేపణ. అదీ నిజమే. అయితే పాఠాలు అనేకం ఉండబట్టే వాటిని పోల్చి చూడగలుగుతున్నాం; భిన్న సంప్రదాయాలు ఏకీభవించిన చోట మూలానికి దగ్గరగా ఉన్నామని నమ్మవచ్చు. నోటితో నేర్పడం చాలు, రాత అక్కరలేదని నేననడం లేదు. వాలాజాపేట ప్రతులు రాతే. పాడుతూ నేర్చుకున్నవాడు రాసిన రాత కనుకనే స్వరం దానిలోకి చేరింది.

కాకర్ల పేరు చెప్పుకొని గర్వించే హక్కు మనకుంది. ఆ గర్వం ఆరాధన రోజు పంచరత్న గోష్ఠితో తీరిపోకూడదు. మన పట్టణాల్లో సంగీత పాఠం చెప్పే గురువులకు గౌరవంగా బతికే జీతం, పిల్లలకు కనీసం ఐదారేళ్లు ఒకే గురువు దగ్గర నిలకడగా నేర్చుకునే వీలు కల్పించాలి. విగ్రహాలకూ ఉత్సవాలకూ పెట్టే ఖర్చులో కొంత భాగమైనా ఇందుకు మళ్లించమని ఈ సభను, సభ ద్వారా కర్నూలు, కడప జిల్లాల పెద్దలను ప్రార్థిస్తున్నాను.