గోళాకార తారాగుచ్ఛములలో తారాజాతుల నెలవులు



 ఈ విజ్ఞానసభ జరుగుచున్న అనకాపల్లికి కొద్ది ఆమడల దూరమున, విశాఖపట్టణమున, గోడే వేంకట జగ్గారావుగారు 1840లో సొంత ద్రవ్యముతో వేధశాలను నెలకొల్పిరి; వారి యల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు దానిని శ్రద్ధతో పోషించి 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. ఆ వేధశాల యుండిన డాబాగార్డెన్సు పేరు నేటికిని వ్యవహారమున నున్నది. అట్టి సీమలో నక్షత్రముల ముచ్చట సేయుట నాకు మిక్కిలి సంతోషము.

వైశాఖమాసమున రాత్రి పది గంటల వేళ పూడిమడక సముద్రపుటొడ్డున నిలిచి దక్షిణముగా చూచినచో, దిగంతమునకు 25 డిగ్రీల ఎత్తున మసకమసకగా నొక చుక్క కానవచ్చును. అదియే ఒమెగా సెంటారి. సుమారు 17,000 కాంతిసంవత్సరముల దూరమున, దాదాపు కోటి తారలు పరస్పరాకర్షణచే గోళాకృతిగా గుమిగూడిన మహాగుచ్ఛము. మన పాలపుంతలో ఇట్టివి 150కి పైగా తెలియవచ్చినవి.

ఒక గుచ్ఛములోని తారలన్నియు ఒకే మేఘమునుండి ఒకేసారి పుట్టినవని చిరకాలము పాఠ్యగ్రంథములు బోధించినవి. 2004లో హబుల్ దూరదర్శిని చిత్రములను పరిశీలించినవారు ఒమెగా సెంటారిలోని సాధారణ తారలు వర్ణమునుబట్టి స్పష్టముగా రెండు పాయలుగా చీలియున్నవని వెల్లడించిరి. అటుపై పెక్కు గుచ్ఛములలో రెండు జాతులు బయటపడినవి: మొదటిది పాతకాలపు తారల సహజధాతువులు కలది, రెండవది సోడియం, నత్రజని, హీలియంలు అధికమై, ఆమ్లజని, కర్బనములు తగ్గినది. ఈ మార్పు ఎట్లు కలిగెనో తృప్తికరముగా చెప్పగల సిద్ధాంతము నేటికిని లేదు.

అయినను ఆ తారలు నిలిచిన చోటులు కొంత సాక్ష్యమిచ్చుచున్నవి. ఒమెగా సెంటారిలోను, మన యూరినుండి చూడబోయినచో దిగంతరేఖనే యానుకొనియుండు 47 టుకానె అను గుచ్ఛములోను, రెండవ జాతి కేంద్రమున దట్టమై వెలుపలికి పోనుపోను పలుచబడును. ఎన్.జి.సి. 6362 అను చిన్న గుచ్ఛములో ఇరుజాతులును ఎల్లెడల సమముగా కలసియున్నవి. చెఱకుసీమవారికి కారణము తేలికగా బోధపడును: రెండు కడవల రసమును బెల్లపు పెనమున పోసి చాలసేపు కలియబెట్టినచో, ఏది ఏ కడవదో చెప్ప నెవ్వరి తరము? తారలు ఒండొంటిని సమీపించినప్పుడెల్ల శక్తి చేతులు మారును. చిన్న గుచ్ఛములో ఈ కలయిక ఎన్నియో మారులు పూర్తియైనది, ఒమెగా సెంటారి వంటి మహాగుచ్ఛములో 1,200 కోట్ల యేండ్లును చాలలేదు. కావున జన్మస్థానపు జాడ అట్టి మహాగుచ్ఛములలోనే మిగిలినది.

ఇచట నొక హెచ్చరిక అవసరము. కేంద్రమున నున్నదెల్ల అచటనే పుట్టినదని తలపరాదు. 1953లో ఎం3 గుచ్ఛమున ఖగోళశాస్త్రజ్ఞుడు సాండేజి గుర్తించిన బ్లూ స్ట్రాగ్లర్లు అను నీలితారలు, జంటతారలు కలిసిపోవుటచేతనో, ఒకటి మఱొకదాని ద్రవ్యమును గ్రహించుటచేతనో బరువెక్కినవి. బరువైన తార క్రమముగా వేగము కోల్పోయి కేంద్రమునకు దిగును. జన్మచే వచ్చిన నెలవు వేఱు, భారముచే వచ్చిన నెలవు వేఱు. ఈ రెంటిని వేఱుపఱుపక చేసిన నిర్ణయము, ఎంతటి పరికరముతో చేసినను, నిలువదు. కేంద్రమును మాత్రమే చూచువాడును, అంచులను మాత్రమే చూచువాడును సగము సత్యముతోనే తృప్తిపడవలెను.

మన శ్రీహరికోటనుండి 2015 సెప్టెంబరు 28న ఎగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము కేంద్రమును అంచులను కలిపి చూచుటకు మిగుల తగిన సాధనము. దానియందలి అతినీలలోహిత దూరదర్శిని ఒక్క చూపులో చంద్రబింబమంతటి మేర పట్టును. ఆ కాంతిలో ఎఱ్ఱని మహాతారలు మాసిపోవుటచే, కిక్కిరిసిన కేంద్రమున సైతము వేడితారలను విడివిడిగా లెక్కింపవచ్చును. ఎన్.జి.సి. 1851లోని వేడితారలు ఇట్లే పరిశీలింపబడినవి. ఆ చిత్రములు నేడు ఎల్లరకును అందుబాటులో నున్నవి. ఉత్తరాంధ్ర కళాశాలల అధ్యాపకులారా, మీ విద్యార్థులకు ఒక్కొక్క గుచ్ఛమును అప్పగింపుడు. కేంద్రమునుండి అంచువఱకు ప్రతితారను గుర్తించి, లెక్కించి, మఱు సభనాటికి ఆ పట్టికలను ఈ వేదికపై చదివింపుడు.