చెఱువుకట్టయు, జాగ్రత్త యను ధర్మమును
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

 

న్యాయశాస్త్రమును నేను కళాశాలలో చదివినవాడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల పుస్తకములనే గురువులుగా నెంచి నేర్చుకొన్నవాడను. కావున రైతునకు పనికివచ్చు విషయ మొక్కటి మనవి చేసెదను. ఒకరి అజాగ్రత్తవలన వేఱొకరికి నష్టము కలిగినచో దానిని భరింపవలసిన దెవరు?

పగబట్టి పొరుగువాని గడ్డివామికి నిప్పుపెట్టుట యొక దోషము. గాలి వీచు వేళ తన చేనిలోని చెత్త నంటించి, ఆరినదో లేదో చూడక యింటికి పోవుట మఱియొక దోషము. రెండవవానికి పగ లేదు. ఐనను వామి కాలిపోయినది. దీనినే న్యాయశాస్త్రము నిర్లక్ష్యమనును. నేరమునకు శిక్ష విధించు మార్గము వేఱు. నష్టపరిహార మిప్పించు మార్గము వేఱు. నేను చెప్పునది రెండవ దానిని గూర్చియే.

పరిహారము కోరువాడు మూడు సంగతులు ఋజువు చేయవలెను. ప్రతివాది తనయెడ జాగ్రత్త వహింపవలసిన బాధ్యత గలవాడనుట మొదటిది. వివేకము గల సామాన్యుడు చూపు జాగ్రత్తను అతడు చూపలేదనుట రెండవది. ఆ లోపమువలననే తనకు నష్టము కలిగినదనుట మూడవది. వీనిలో ఒక్కటి లేకున్నను దావా నిలువదు. ముక్కాలిపీటకు ఒక కాలు విరిగినట్లే.

జాగ్రత్త ఎవరియెడ వహింపవలెను? 1928లో స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున ఒక స్త్రీ, స్నేహితులొకరు కొనియిచ్చిన అల్లపు పానీయము త్రాగెను. సీసాలో కుళ్ళిన నత్త యుండెననియు, తాను జబ్బుపడితిననియు తయారుదారుపై దావా వేసెను. వారిరువురి నడుమ ఏ ఒప్పందమును లేదు. ఐనను ఆమె చెప్పినది నిజమైనచో అతడు బాధ్యుడే యని, 1932లో బ్రిటిషు ప్రభువుల సభలో ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు నిర్ణయించిరి. మన పనివలన నేరుగా హాని పొందుదురని ముందుగా ఊహింపదగిన వారెల్లరు మనకు పొరుగువారే యని లార్డు అట్కిన్ వివరించెను.

ఇక మన సీమ సంగతి. కార్వేటినగరము జమీందారీలో రెండు చెఱువులు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ వారి కట్టడములకు నష్టము కలిగెను. కంపెనీ జమీందారుపై దావా వేసెను. అప్పటికి ఇంగ్లండులో 1868 నాటి తీర్పొకటి కలదు: తన నేలలో నీరు నిలువచేసికొనిన యజమాని, అది పొరుగువాని గనులలోనికి పాఱినందున, తన తప్పు లేకున్నను బాధ్యుడాయెను. ఆ సూత్రమునే ఇచటను వర్తింపజేయుమని కంపెనీ కోరెను. 1874లో ప్రీవీ కౌన్సిలు అందుల కంగీకరింపలేదు. ఆ చెఱువులు పురాతనములు. వేలాది ప్రజల జీవనమున కాధారములు. వానిని కాపాడుట ఆచారముచే జమీందారునకు విధి. ఇష్టము వచ్చినప్పుడు వానిని తీసివేయు హక్కు ఆయనకు లేదు. కావున నిర్లక్ష్యము ఋజువైననే ఆయన బాధ్యుడగును. తగిన జాగ్రత్త తీసికొన్నట్లు తేలినందున పరిహార మీయనక్కఱ లేకపోయెను.

సోదరులారా! చెఱువు తెగినచో ఎవరును బాధ్యులు కారని దీని యర్థము కాదు. జమీందారును కాపాడినది చెఱువుయొక్క ప్రాచీనత మాత్రమే కాదు. ఆయన చూపిన జాగ్రత్తయు. కట్ట మొదట నీరు ఊరుచుండగా, కలుజునకు చెట్లడ్డము పడియుండగా, తూము తలుపు విఱిగియుండగా చూచియు ఊరకున్నచో అట్టి రక్షణ లభింపదు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెఱువు శాసనము, 1369 నాటిది, చెఱువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను లెక్కించినది. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. అంతటి పూర్వమే తెలిసియున్న అపాయమును నేడు ఊహింపలేకపోతిమనుట చెల్లదు.

చెఱువు ఎవరి అధీనమున నున్నదో బాధ్యత ప్రధానముగా వారిదే. మనము చేయదగినది మఱియొకటి కలదు. కట్టపై లోపము కనబడిననాడే తేదీ వేసి, స్థలము గుర్తించి, అధికారులకు అర్జీ వ్రాయుడు. అందినట్లు సంతకము పుచ్చుకొని నకలు దాచుడు. పిమ్మట తెలియదనువారికి ఆ కాగితమే సమాధానము చెప్పును. అంతకంటె ముఖ్యముగా, కట్ట తెగకమునుపే మరమ్మతు జరుగును. పరిహారము పోయిన పైరునకు వెల కట్టగలదు. పోయిన ప్రాణమును తేలేదు.

అర్జీ వ్రాయనేర్వనివారికి వ్రాసిపెట్టు చదువరులు ఈ గ్రంథాలయమున నెల్లప్పుడు నుందురుగాక! ఈ సంస్థ స్వర్ణోత్సవము గూడ జరుపుకొనుగాక!