మోకాటి గుజ్జు మరల పెరుగునా?



గ్రామములకు పోయినప్పుడెల్ల మమ్ము అడుగు ప్రశ్న యిది: “అరిగిన మోకాటి గుజ్జు మరల పెరుగునా?” గుజ్జనగా ఎముకల కొనలను కప్పియుండు నున్నని మృదులాస్థి. దానిలో రక్తనాళములు లేవు. కావున చర్మముపై గాయము మానినట్లు అది మానదు. చెడిన మృదులాస్థి తిరిగి రాదని లండనులో వైద్యుడు విలియం హంటర్ 1743లోనే చెప్పెను.

అయితే 2004లో బ్రిటనులోని కార్డిఫ్ పరిశోధకులు దూడల కీళ్ళలో, మృదులాస్థి పైపొరయందు, మూలకణముల వంటివి గలవని ప్రకటించిరి. మనుష్యుల కీళ్ళలోను అట్టివి తరువాత కనబడినవి. విత్తనము పొలములోనే యున్నదన్నమాట! మరి మొలవదేల? ఆ కణములు బహు కొద్ది. వ్యాధిగ్రస్తమైన కీలులో కొన్ని ముదిరి, విభజన చెందుట మానును; కొన్ని నున్నని మృదులాస్థికి మారుగా నారవంటి పదార్థమును అల్లును. అది బరువునకు చాలకాలము నిలువదు.

ఈ కణములను మేల్కొలుపు మార్గము ఇంకను పరిశోధనలోనే యున్నది. ఎముకమజ్జ మూలకణములతో చేసిన మందొకదానికి మన దేశమున 2022లో అనుమతి లభించిన మాట నిజమే. అది వేరు, “ఒక్క సూదితో గుజ్జు మొలిపింతుము” అనువారి మాట వేరు. వారిని నమ్మి ఎకరము అమ్ముకొనవలదు. అనుమతి పత్రమును చూపుమని అడుగుడు. తొడకండరములకు బలమిచ్చు వ్యాయామమును, అధికమైన శరీరపు బరువును తగ్గించుకొను విధమును ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని అడిగి నేడే మొదలిడుడు.