బడిలోని రచ్చకట్ట

పొలముతోపాటు పెద్దల కక్షయు పిల్లలకు సంక్రమించుట కడప సీమలో మన మెరిగినదే. దానిని తెంపదగిన తొలి చోటు బడి.

1800లో దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో పంచాయతీని నమ్మెను. 1816 నాటి మద్రాసు శాసనములు దానికి వ్యాజ్యములు తీర్చు అధికార మిచ్చెను. అచట పెద్దలే తీర్పరులు.

1980 దశకమునుండి అమెరికా పాఠశాలలలో వ్యాపించిన విద్యార్థి మధ్యవర్తిత్వము వేరు. శిక్షణ పొందిన తోటి విద్యార్థి నడుమ కూర్చుండునే గాని తీర్పు చెప్పడు. ఒకరు పలుకునపుడు రెండవవారు అడ్డురారాదు. విన్నదానిని తిరిగి చెప్పవలెను. ఒడంబడిక తామే కుదుర్చుకొనవలెను. దెబ్బలు, బెదిరింపులు మాత్రము ఉపాధ్యాయులే చూడవలెను.

తగ్గుట ఓటమి కాదని బడిలో నేర్చిన పిల్లలే రేపు మన రచ్చకట్టపై కూర్చుందురు. ఆ అభ్యాసమునకు వారానికొక గంట కేటాయింపలేమా?